చల్లారిన ఇంజన్‌కు తోడుగా

మా బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో హమాలీల కేకలతోనే తెల్లారుతుంది. మొన్న ఒక లారీ మీదికి పాత పిండిమర ఎక్కించారు. అమ్మినాయన డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. కొన్నాయన వేరే ఊళ్లో ఉన్నాడు. ఒక హమాలీ మాత్రం కట్టిన తాడును మళ్లీ లాగి చూసి, ఇనుము ఒరుసుకునే చోట గోనెపట్టా మడిచి పెట్టాడు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ సిక్కోలు, విజయనగరం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో మాదొకటి. నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు. మెయిలు బళ్ల వేగం గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినవన్నీ డెడ్ ఇంజన్ వెంట వెళ్లిన ప్రయాణాలే.

నిప్పు ఆర్పి, నీళ్లు దించేసి, గూడ్సుకు తగిలించి లాక్కెళ్లే ఆవిరి ఇంజన్‌ను డెడ్ ఇంజన్ అంటారు. బయల్దేరే ముందు చక్రాలను పిస్టన్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్లు విప్పేస్తారు. ఎందుకని చిన్నప్పుడు అడిగాను. "ఆవిరి లేకపోతే సిలిండర్లోకి నూనె ఎళ్లదురా. రాడ్డు ఉంచేసి లాగితే పిస్టన్ పొడిగా గీక్కుపోద్ది" అన్నాడు. విప్పిన రాడ్లకు గ్రీజు పూసి, గోనె చుట్టి, ఇంజన్‌తోనే పంపాలి. పిస్టన్ కదలకుండా కర్రదిమ్మ బిగించాలి. బండి ఆగిన ప్రతిచోటా దిగి, ఒక్కో యాక్సిల్ బాక్సుకూ చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు కూడా ఆయన అలాగే తాకేవాడు. చెయ్యి ఆనించలేనంత వేడి తగిలితే బండి ముందుకు కదలకూడదు.

చిన్నలైను ఇంజన్లది ఇంకా పెద్ద పని. మా పూర్వీకుల ఊరి పక్కనే నౌపడ. అక్కడి నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన లైను 1900లో మొదలైంది, 1931కి గుణుపూర్ చేరింది. అప్పట్లో పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లు. పెద్ద లైనుది 1676. అంటే ఆ ఇంజన్ తన చక్రాల మీద పెద్ద లైనెక్కలేదు. బల్లబండి లాంటి వ్యాగన్ మీద చెక్క దిమ్మెలు పరిచి, గొలుసులతో కట్టి తీసుకెళ్లాలి. పొగగొట్టం ఎత్తు ఎక్కువైతే అదీ విప్పాలి. సిహావా అడవుల సాల కలప మోసిన మన రాయపూర్–ధమ్తరి లైనుదీ అప్పట్లో అదే కొలత.

అడవి ఇంజన్లకు ఈ ప్రయాణం మరీ తప్పనిది. అమెరికాలో కలప మోయడానికి ఈఫ్రయిమ్ షే రూపొందించిన ఇంజన్‌కు 1881లో పేటెంటు వచ్చింది. ఒక కొండ మీద చెట్లు అయిపోతే కంపెనీ మూతపడేది, ఇంజన్ మరో కంపెనీకి అమ్ముడుపోయేది. షే ఇంజన్‌లో పళ్లచక్రాలే ఇరుసులను తిప్పుతాయి. నెమ్మదిగా కొండెక్కడానికి చేసినది కాబట్టి, ఆ పళ్లు విడదీయకుండా మెయిన్ లైను వేగంతో లాగితే యంత్రం పాడైపోతుంది. తైవాన్‌లోని అలిషాన్ అడవి లైనులో తిరిగిన షే ఇంజన్లవీ 762 మిల్లీమీటర్లే. నౌపడ కొలత అక్కడ కనిపించిందంటే నాకు చుట్టం కనబడినట్టే ఉంటుంది.

దస్తావేజులో అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు ఉంటాయి. ఇంజన్ మీద ఇత్తడి పలకలో తయారుచేసిన కంపెనీ పేరు ఉంటుంది. ఇద్దరు యజమానుల మధ్య, ఎవరి కళ్లూ లేని ఆ నాలుగు రోజులూ దాన్ని కాపాడినవాడి పేరు కూడా రాయాలని నా కోరిక. పాత ఇంజన్‌ను తెచ్చి నిలబెట్టే ప్రతి మ్యూజియమూ దాన్ని విప్పి, కట్టి, చేర్చినవాళ్ల పేర్లు పక్కన ఒక పలక మీద చెక్కించాలి. ఆ ఇంజన్ చరిత్రలో అదీ భాగమే.

అవతలి షెడ్డులో నాన్న గోనె విప్పి, ఒక్కో రాడ్డూ, ఒక్కో పిన్నూ లెక్క అప్పజెప్పి సంతకం తీసుకునేవాడు. తర్వాత ప్యాసింజరెక్కి ఇంటికొచ్చేవాడు. ఎంత కిరోసిన్‌తో కడిగినా గోళ్ల కింద గ్రీజు రెండు రోజులు పోయేది కాదు.