అస్త్రవిద్య – ప్రయోగోపసంహారములు

చిత్రకూటమున కాకాసురునిపై రాముడు విడిచినది దర్భపోచ. పాండవవంశము నశించుగాక యని అశ్వత్థామ అభిమంత్రించినదియు గడ్డిపుల్లయే. అస్త్రబలము లోహమునందుగాని వింటియందుగాని లేదనియు, గురూపదిష్టమైన మంత్రమునందును దానిని ధరించువాని ఏకాగ్రతయందును నియమనిష్ఠలయందును ఉన్నదనియు మన ఇతిహాసకవుల అభిప్రాయము.

అస్త్రములన్నియు ఒక్క తీరున పనిచేయవు. విశ్వామిత్రుని యజ్ఞమును కాచుచు రాముడు ఒక్క పోరులోనే మూడింటిని వాడెను. మానవాస్త్రము మారీచుని చంపక నూరు యోజనముల దూరమున సముద్రములో పడవేసెను. ఆగ్నేయము సుబాహుని రొమ్మున నాటి కూల్చెను. వాయవ్యము మిగిలినవారిని పరిమార్చెను. ఉత్తరగోగ్రహణమున అర్జునుని సమ్మోహనాస్త్రము కురువీరులలో పెక్కురను మూర్ఛితులను మాత్రమే చేసెను. నారాయణాస్త్రమన్ననో, ఎదిరించినకొలది విజృంభించునట్టిది. శ్రీకృష్ణుని మాటపై పాండవసేన ఆయుధములను విడిచి, రథములు దిగి నిలిచినది. దిగనని మొండికెత్తిన భీముని కృష్ణార్జునులు పట్టి లాగవలసివచ్చెను. అప్పుడుగాని అది శమింపలేదు.

బంధనాస్త్రముల నియమము మరింత సూక్ష్మమైనది. సుందరకాండమున ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రముచే హనుమంతుని కట్టెను. పడియున్న వానరుని చూచి రాక్షసులు ఉత్సాహము పట్టలేక జనపనార త్రాళ్లతోను, చెట్లనారలతోను బిగించిరి. మంత్రబంధము అన్యబంధమును సహింపదు. త్రాడు తగిలినంతనే అస్త్రము తొలగిపోయినది. ఆ సంగతి గ్రహించి ఇంద్రజిత్తు చింతాక్రాంతుడయ్యెను. హనుమంతుడు మాత్రము రావణుని చూడగోరి, ఎరుగనివానివలె ఈడ్వబడుచు పోయెను.

ఈ విద్యలో కడు దుష్కరమైనది ఉపసంహారము. అస్త్రములను గ్రహించిన వెంటనే రాముడు వాని ఉపసంహారమును గూడ ఉపదేశింపుమని విశ్వామిత్రుని కోరెను. సౌప్తికపర్వమున వ్యాసనారదులు నడుమ నిలిచినపుడు, బ్రహ్మచర్యవ్రతనిష్ఠుడైన అర్జునుడు తన అస్త్రమును మరలించుకొనెను. ఆ నిష్ఠ లేని అశ్వత్థామకు అది సాధ్యము కాలేదు. మరలిరాని ఆ అస్త్రము ఉత్తర గర్భముపై పడెను. బ్రాహ్మణుడనని బొంకి పరశురామునియొద్ద బ్రహ్మాస్త్రమును నేర్చిన కర్ణునకు అది ప్రాణాపాయవేళ స్ఫురింపకపోవుటయు ఈ ధర్మమునకు చెందినదే.

మంత్రము సర్వమును సాధింపగలదన్నచో కథకు ఉత్కంఠ యుండదు, వీరునకు పరీక్షయు ఉండదు. ప్రతి శక్తికి ఒక హద్దును, ప్రతి హద్దునకు ఒక కారణమును కల్పించుటచేతనే వ్యాసవాల్మీకులు మన దృష్టిని అస్త్రము నుండి అస్త్రధారి శీలమువైపు మరల్పగలిగిరి. నేడు మాయలతో మంత్రములతో జానపదకథలు అల్లువారు మంత్రము ఏమి చేయగలదో వర్ణించుటతో తృప్తి పడక, అది ఏమి చేయజాలదో, తప్పిన ప్రయోగమునకు ఫలమును ఎవరు అనుభవింతురో ముందుగా నిర్ణయించుకొనుట మేలు.