గోడకెక్కిన పటం: హైదరాబాదు వీధిచిత్రాలలో చేర్యాల నకాశీ – ఒక పరిశీలన

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత హైదరాబాదులోని ప్రహరీగోడలు, ఫ్లైఓవర్ స్తంభాలు ప్రాంతీయ కళాచరిత్రకు ప్రదర్శనశాలలుగా మారాయి. బతుకమ్మ, బోనాలు, పేరిణి, కాకతీయ తోరణాలతో పాటు చేర్యాల నకాశీ శైలి బొమ్మలూ వాటి మీదికి వచ్చాయి. వికారాబాద్ జిల్లా పెద్దేముల్ వంటి మండలం నుంచి చదువుకో, వైద్యానికో నగరానికి వచ్చే వ్యక్తికి తన నేల కళ రాజధాని రహదారిపై ఎదురుపడడం చిన్న విషయం కాదు. అయితే గోడ మీదికి చేర్యాల శైలి వచ్చిందే గాని చేర్యాల పటం రాలేదు.

నకాశీ పటం మూలతః కథనసాధనం. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద, తుమ్మబంక పట్టించి, ఎర్రని నేపథ్యంపై కథను వరుసలుగా చిత్రిస్తారు. పదుల అడుగుల పొడవుండే ఆ పటాన్ని కథకులు తమ అవసరానికి నకాశీలతో వేయించుకొనేవారు. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఆశ్రితులు. ఒక్కొక్కరికి ఒక కులపురాణం, తిరిగే ఊళ్లపై మిరాశీ హక్కు ఉండేవి. పటాన్ని వేలాడదీసి, కర్రతో ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ పాడితేనే ఒక వరుసకూ మరొక వరుసకూ సంబంధం ఏర్పడుతుంది. ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు నిలవాలో కథకుడే నిర్ణయిస్తాడు. ఈ పాఠ్యంలో సగం గుడ్డమీద, సగం అతని గొంతులో ఉంటుంది.

గోడ ఈ ప్రయాణదిశను మార్చింది. పటం ఊరూరికీ వెళ్లేది. ఇప్పుడు పెద్దేముల్ వంటి ఊళ్లవారే దాని దగ్గరికి రావాలి. వచ్చినా, బస్సు కిటికీలోంచి చూసే ఆ కొన్ని క్షణాలలో కథకు చోటులేదు.

అంతకన్నా ఆలోచింపదగినది వస్తువు ఎంపిక. జాంబపురాణంలో జాంబవంతుడు భూమి పుట్టకముందే పుట్టినవాడు. మాదిగలను సృష్టికే పూర్వులుగా నిలిపి వర్ణక్రమాన్ని తలకిందులు చేసే కథనమిది. వీధిచిత్రాలలో సాధారణంగా కనిపించేది దంచే స్త్రీలు, డప్పు, బతుకమ్మల పల్లె. కలహం లేని పల్లె. అక్కడ గౌడు తాడెక్కుతూ ఉంటాడు, అతని పురాణం ఉండదు.

ఈ లోపాన్ని చిత్రకారులపై మోపడం అన్యాయం. ఆశ్రిత కులాలకు ఆదరణ తగ్గి, పటం వేయించుకొనేవారు కరువైనప్పుడే నకాశీ కుటుంబాలు చిన్న చట్రాలకు, ముసుగులకు, పల్లెదృశ్యాలకు మళ్లాయి. ఆ మళ్లింపే వారిని బతికించింది. గోడ వల్ల మేలు లేదనీ చెప్పలేము. ఒక్క దాతృకులం కోసం సాగిన కళను నేడు దారినపోయే ఎవరైనా చూడవచ్చు. చేర్యాల బొమ్మకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. దానికి గొంతునిచ్చిన కథకునికి అటువంటి రక్షణ లేదు. బొమ్మ పక్కన ఆ కథ ఏ పురాణంలోనిదో, దానిని పాడినవారెవరో రెండు పంక్తులలో రాయడానికి అదనంగా అయ్యే రంగు ఎంతో ఉండదు.