పాత కారుకు కొత్త ముక్కు

కోరుట్లలో ఉపాధ్యాయులుగా ఉన్న మిత్రులొకరు ఇటీవల నన్ను ఒక కారు చూడ రమ్మన్నారు. అది పాత అంబాసిడరు. దాని యజమాని జగిత్యాలలోని ఒక షెడ్డులో రేకు పని చేయించి, గాలి నిరోధము తగ్గునట్లు బండి రూపము మార్చినాడు. "ఇదివరకు లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 13 ఇస్తున్నది సారూ" అని అతని మాట. మిత్రులు ఈ కారును వైజ్ఞానిక ప్రదర్శనలో ఉంచదలచినారు. "పిల్లలకు దీనిని విజ్ఞానశాస్త్ర విజయముగా చూపవచ్చునా?" అని వారడిగినారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

అంబాసిడరు 1950ల చివర మొదలై 2014 వరకు ఉత్తరపారాలో తయారైనది. దాని రూపమునకు మూలము 1956 నాటి మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ వరుస కారు. ఇంధనము చౌకగా దొరికిన రోజుల రూపమది. దానిని సవరించవలెనను ఆలోచన మెచ్చదగినదే. అయితే సవరణ ఎక్కడ చేయవలెనో ముందుగా తెలియవలెను.

చాలామంది గాలిని కత్తివలె చీల్చవలెనని తలచెదరు. ఈ యజమానియు బండి ముందు భాగమునకు కోసుగా రేకు తొడిగించినాడు. కాని ధ్వనికంటె ఎంతో తక్కువ వేగముతో పోవు వస్తువునకు వాడి ముక్కు అవసరము లేదు. గుండ్రని అంచులు చాలును. అంబాసిడరు ముక్కు మొదటినుండి గుండ్రనిదే. చిక్కంతయు వెనుక నున్నది. కారు పైకప్పు దాటిన గాలి వెనుక వంపును అంటిపెట్టుకొని రాలేక విడిపోయి, సుడులు తిరుగును. అక్కడ పీడనము తగ్గును. ముందు ఎక్కువ పీడనము, వెనుక తక్కువ పీడనము - ఈ తేడాయే బండిని వెనుకకు లాగును. అందుచేతనే నీటిబొట్టు బొమ్మలో లావు ముందు, సన్నము వెనుక ఉండును. అంత పొడవైన తోక కారుకు వీలుపడదు గదా! తోకను మెల్లగా సన్నము చేసి మధ్యలో కోసివేసినను లాభములో చాలా భాగము దక్కునని 1930లలో జర్మను ఇంజనీరు వూనిబాల్డ్ కామ్ చూపినాడు.

డిక్కీపై బిగించిన రెక్క సంగతి వేరు. పందెపు కార్లకు రెక్క పెట్టునది చక్రములను నేలకు అదుముటకు. ఆ మేలుకు అది నిరోధమను మూల్యము చెల్లించుచున్నది. మన రోడ్లపై ఆ బేరము నష్టమే. రేడియేటరు ముందరి జాలీని ముక్కాలు వంతు మూయుట మరింత ప్రమాదకరము. లోనికి పోవు గాలి కొంత నిరోధము కలిగించునను మాట నిజమే. కాని 45 డిగ్రీలకు చేరు మే నెల ఎండలో ఇంజను మరిగిపోయినచో, మిగిలిన పెట్రోలు ధర రిపేరుకు ఏ మూలకు?

మంచి పనులు రెండున్నవి. పైకప్పు మీది క్యారియరును తీసివేసినాడు. బండి అడుగున ఇరుసు, గొట్టములు గాలిని చెదరగొట్టకుండ పొగగొట్టమునకు ఎడముగా చదునైన రేకు వేయించినాడు. ఇవి కంటికి కనబడవు, గొప్పగా చెప్పుకొనుటకు పనికిరావు, కాని శాస్త్రసమ్మతమైనవి.

ఇక 13 అను అంకె. కొలత సులభమగుటకు ముఖవైశాల్యము 2 చదరపు మీటర్లు, నిరోధ గుణకము 0.5, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోగ్రాములు అనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున గాలి నిరోధము సుమారు 74 న్యూటన్లు. వేగము రెట్టింపై 80 కాగా అది నాలుగింతలై 296 అగును. 1200 కిలోగ్రాముల బండికి టైర్ల నిరోధము ఏ వేగమునందైనను ఇంచుమించు 176 న్యూటన్లనుకొందము. కాబట్టి 40 వేగమున మొత్తము 250లో గాలి వాటా మూడవ వంతు కూడ లేదు. 10 కిలోమీటర్లు 13 కావలెనన్న ఇంధనము 23 శాతము తగ్గవలెను. అనగా ఆ వేగమున గాలి నిరోధములో ముప్పాతిక భాగమునకు పైగా మాయము కావలెను! 80 వేగమున మూడవ వంతుకు పైగా తగ్గిన చాలును, అదియు కష్టమే.

మరి ఆ అంకె ఎట్లు వచ్చినది? విచారించగా తెలిసినదేమనగా, మార్పుకు ముందు కొలత జగిత్యాల నుండి సిరిసిల్లకు నలుగురితో, ఊరూరా ఆగుచు పోయిన ప్రయాణములోనిది. మార్పు తరువాతి కొలత జాతీయ రహదారిపై కోరుట్లకు ఒంటరిగా వచ్చినప్పటిది. పైగా ఆ మధ్యనే టైర్లు మార్చినాడు. దారి, బరువు, టైర్లు అన్నియు మారినవి. పేరు మాత్రము రేకుకు వచ్చినది. అతడు అబద్ధమాడలేదు, పరీక్ష అబద్ధమాడినది.

1970లలో కాలిఫోర్నియాలోని నాసా పరిశోధకులు ఒక వ్యానుకు రేకులు బిగించి పెట్టెవలె చేసి, తరువాత దాని అంచులను గుండ్రము చేసినారు. గాలి నిరోధము సగమునకు పైగా తగ్గినది. ఆ మాట మనము నమ్ముటకు కారణము వారి కొలత పద్ధతి. బండిని వేగముగా నడిపి, గేరు తప్పించి వదలి, అది ఎంత త్వరగా నెమ్మదించునో వారు లెక్కించినారు. ఒకే చదును దారిలో, ఒకే బరువుతో, రెండు దిక్కుల నడిపి సగటు తీయుటయే ఇందలి కీలకము. రద్దీ రోడ్డుపై విద్యార్థులు దీనికి పూనుకొనరాదు.

తరగతిలో చేయదగినది మరొకటి కలదు. వెలుగుచున్న కొవ్వొత్తి ముందు ఒక చదునైన అట్ట నిలిపి ఊదండి; జ్వాల మీ వైపే వంగును. అట్టకు బదులు గుండ్రని సీసా పెట్టి ఊదండి; జ్వాల అవతలికి వంగును, ఆరిపోవచ్చును కూడ. వెనుకనున్న గాలి కథయంతయు అందులోనే ఉన్నది. కారుపై చూడదలచినవారు సిరిసిల్ల మరమగ్గముల వద్ద పారవేయు దారపు ముక్కలను వెనుక భాగమున అంటించి, నడుచుచుండగా మరొక బండినుండి ఫోనుతో చిత్రము తీయించవచ్చును. దారములు చక్కగా పడియున్నచోట గాలి అంటియున్నది. చిందులు వేయుచోట విడిపోయినది.

యజమానికి ఒక హెచ్చరిక కూడ అవసరము. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. రవాణా కార్యాలయములో అడుగక ముందే రేకు కోయించుట తగదు.

మిత్రులకు నా సలహా ఇది: కారును ప్రదర్శనలో ఉంచండి. కాని 13 అను అంకెను పలకపై వ్రాసి పెట్టకండి. రెండు ప్రయాణముల వివరములు వ్రాసి, "ఇందులో ఎన్ని మారినవి?" అని పిల్లలనే అడుగండి. జవాబు చెప్పిన పిల్లవానికి కారు రూపముకంటె విలువైనది అబ్బినట్లే.