జెర్సీకన్నా ముందు రసీదు పుస్తకం

పేటలో కొత్త ఫుట్‌బాల్ క్లబ్ పెడుతున్నామని వచ్చే కుర్రాళ్లు మొట్టమొదట చూపించేది జెర్సీ డిజైన్. తర్వాత లోగో. అందులో సింహమో చార్మినారో తప్పకుండా ఉంటుంది. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో మనల్నీ చేర్చేస్తారు. గ్రౌండ్ ఎక్కడ బాబూ అంటే "చూస్తున్నం సార్" అంటారు. చందా ఎంత పెట్టారంటే మొహమాటపడతారు, ఎవరో ఒక స్పాన్సర్ దొరుకుతాడులెండి అంటారు. సికింద్రాబాద్ వైపు ఒక చిన్న క్లబ్‌కి కొన్నేళ్లుగా లెక్కలు రాస్తున్నవాణ్ణి కనుక నా అభిప్రాయం దాచుకోను. స్పాన్సర్‌ని నమ్ముకుని పుట్టిన క్లబ్ స్పాన్సర్‌తోపాటే పోతుంది.

పెద్ద ఉదాహరణ మన కళ్లముందే జరిగింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు కొట్టింది. ఆ రాత్రి మా వీధిలో పిల్లలు టపాసులు కాల్చారు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. ఊరిని ఎవరూ అడగలేదు. అడగమనే హక్కు ఊరికీ లేదు. గచ్చిబౌలిలో టికెట్లు కొన్నాం, జెర్సీలు కొన్నాం గానీ అందులో సభ్యులం మాత్రం కాదు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర ఎత్తితే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గర ఆగాల్సిందే. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక ఆయన పేరు కొత్త తరానికీ తెలిసింది. భారత జట్టుకి 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. ఇవన్నీ గొప్పవే. నాకు మాత్రం ఆయన బడిపంతులు అన్న సంగతి మీద, ఏళ్ల తరబడి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా చేసిన చాకిరీ మీద మక్కువ ఎక్కువ. డ్రిబ్లింగ్ చెయ్యకుండా ఆడే టోర్నీలు పెట్టించాడు. వాటం కాని కాలితోనే ఆడే టోర్నీలు పెట్టించాడు. వీటికి స్టేడియం అక్కర్లేదు, విదేశీ కోచ్ అక్కర్లేదు, నియమం ఒక్కటి మారిస్తే చాలు. మా క్లబ్‌లో కూడా అప్పుడప్పుడు ఎడమకాలి మ్యాచ్ పెడతాం. రోజూ నలుగురిని తప్పించుకుంటూ పోయే మొనగాడు ఆ రోజు రెండడుగుల పాస్ ఇవ్వలేక బిక్కమొహం వేస్తాడు. పక్కన ఎవరికీ ఆనని కుర్రాడు ఒకడు తాపీగా ఆడేస్తుంటాడు. జట్టులో ఎవరు ఏమిటో ఆ గంటలో తెలిసినంతగా నెల రోజుల ప్రాక్టీసులో తెలీదు.

అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌ని రహీం సెలక్షన్ ట్రయల్స్‌కి రమ్మన్నప్పుడు, అంత దూరం రావడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకి రోజుకో రూపాయి తానే ఇచ్చి రప్పించాడు రహీం. ఈ సంగతి బలరామ్ తానే చెప్పుకున్నాడు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. కొత్తగా క్లబ్ పెట్టేవాళ్లకి నేనీ కథ చెప్పేది రూపాయి కోసమే. క్లబ్‌కి కావలసింది అలాంటి చిల్లర డబ్బు, సమయానికి చేతిలో ఉండే డబ్బు. స్పాన్సర్ ఇచ్చే లక్ష బ్యానర్‌కీ, ప్రారంభోత్సవానికీ, ముఖ్య అతిథి శాలువాకీ పోతుంది. ఎవడి స్టడ్స్ తెగిపోతే వాడికి కొనిపెట్టే డబ్బు చందాలోంచే రావాలి.

మా చందా నెలకి మూడు వందలు. కట్టలేనివాళ్లు ఉంటారు. ఎవరు కట్టారో, ఎవరికి మాఫీ చేశామో నాకూ ప్రెసిడెంట్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు, కోచ్‌కి కూడా. తెలిస్తే టీమ్ షీట్ రాసే చేతికి ఏదో ఒక మొహమాటం అంటుకుంటుంది. పద్దు పుస్తకం మాత్రం ఎవరడిగినా తెరిచి చూపిస్తాం, మాఫీల మొత్తం ఒకే అంకెగా ఉంటుంది. బంతులకెంత, రెఫరీలకెంత, ఐస్‌కెంత, క్రేప్ బ్యాండేజీకెంత అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. కొన్నాళ్లు అలా చూపిస్తే తల్లిదండ్రులు అడగడం మానేసి నమ్మడం మొదలుపెడతారు.

డబ్బు తర్వాత పెద్ద తలనొప్పి గ్రౌండ్. నగరంలో ఖాళీ జాగా ఉందంటే అందులో అప్పటికే క్రికెట్ ఉంటుంది. మా గ్రౌండ్‌లో పొద్దున్నే వచ్చే క్రికెట్ బ్యాచ్ కెప్టెన్ మొదటి రోజే చేతులు పట్టుకున్నాడు, "అన్నా, పిచ్ మీద స్టడ్స్ మాత్రం వద్దన్నా" అని. న్యాయమైన మాట. స్టడ్స్ పడిన పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో చెప్పలేం, పన్ను ఊడినా ఊడుతుంది. అందుకని మా ఫీల్డు చిన్నది చేసుకుని, పిచ్‌ని టచ్‌లైన్ అవతలికి నెట్టేశాం. పిల్లల మ్యాచ్‌లకి పెద్ద ఫీల్డు ఎలాగూ అక్కర్లేదు. పదేళ్ల కీపర్‌ని తీసుకెళ్లి 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తున్న గోల్‌లో నిలబెడితే పైనుంచి వేసిన ప్రతి బంతీ గోలే. వాడు నేర్చుకునేది ఏమీ ఉండదు, ఏడుపు తప్ప. బంతి కూడా అంతే. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకి సైజ్ నాలుగు, ఐదో నంబరు ఆపైన.

గీతలు గీయడం నాకిష్టమైన పని. మూలలు సరిగ్గా రావాలంటే తాడు మీద వరసగా మూడు, నాలుగు, ఐదు మీటర్ల ఎడంతో ముడులు వేసి త్రిభుజంగా లాగితే చాలు, లంబకోణం అదే వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలు పైథాగరస్‌ని అక్కడ చూసి ఆశ్చర్యపోతారు. పెనాల్టీ స్పాట్ పదకొండు మీటర్లు, నడిమి వలయం వ్యాసార్థం 9.15 మీటర్లు, ఇవన్నీ టేపుతో కొలవాలి, అడుగులతో కాదు. సున్నం మాత్రం వాడకండి. జారిపడ్డ పిల్లల చర్మం కాలుతుంది, కంట్లో పడితే మరీ ప్రమాదం. సంచీ ముగ్గుపిండి తెచ్చుకోండి, సంక్రాంతికి అక్కచెల్లెళ్లు వాడేదే. ఇంకొకటి. ఎత్తి పక్కన పెట్టుకునే ఇనుప గోల్‌పోస్టులకి వెనక ఇసుక మూటలు వెయ్యకుండా ఆట మొదలుపెట్టకూడదు. పిల్లలు అడ్డకమ్మీ పట్టుకుని వేలాడతారు, అది మీద పడితే ప్రాణం పోతుంది. వేరే దేశాల్లో పోయాయి కూడా.

వయసు దొంగతనం గురించి కోపంగానే రాస్తాను. అండర్-14లో మీసాలొచ్చినవాణ్ణి ఆడించి కప్పు ఇంటికి పట్టుకెళ్లే క్లబ్బులున్నాయి. పై స్థాయికి వెళ్తే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, అక్కడ బండారం బయటపడుతుంది. ఈలోపు నిజంగా పద్నాలుగేళ్లవాడు రెండేళ్లు బెంచీ మీద కూర్చుని ఆట మానేస్తాడు. ఆ నష్టం ఏ ఎక్స్‌రేలోనూ కనిపించదు. మేం జనన ధ్రువపత్రం చూడందే పేరు రాసుకోం.

జనవరి వచ్చిందంటే పదో తరగతి పిల్లలు మాయమైపోతారు. "టెన్త్ కదా సార్, ఆట బంద్ పెట్టిస్తున్నం" అంటారు అమ్మలు. వాదించను. వారానికి ఒక్క సాయంత్రం పంపండమ్మా అంటాను. కొందరు పంపుతారు. పరీక్షలయ్యాక తిరిగొచ్చేది ఎక్కువగా వాళ్లే. ఆడపిల్లల సంగతి వేరు. ఆట ఆపేది చదువు కన్నా ముందు, బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది లేకపోవడం, చీకటిపడ్డాక ఇంటికి వెళ్లే దారి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. మనవైపు ఆడపిల్లలకి ఆట రాదనుకోవడం కుదరదు. ఆ గది, ఆ దారి చూసుకోలేని క్లబ్ ఆడపిల్లల జట్టు పెట్టామని పోస్టరు వెయ్యకపోవడమే మర్యాద.

రిజిస్ట్రేషన్ గురించి అందరూ భయపడతారు గానీ అది తేలిక. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు మేజర్లు కలిస్తే సంఘం అవుతుంది. ఫుట్‌బాల్ నియమాల్లోనూ ఒక జట్టులో ఏడుగురికి తక్కువైతే మ్యాచ్ మొదలుపెట్టరు. ఈ రెండు ఏడులకీ సంబంధం లేదు, నాకు సరదా అంతే. కష్టమంతా ఆ తర్వాతే. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, లెక్కలు చదివి ఒప్పించాలి, కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి పంపాలి. మొదటి ఏడాది అందరూ వస్తారు. రెండో ఏడాది సమోసాలు మిగిలిపోతాయి. అప్పుడు కూడా మినిట్స్ బుక్‌లో సంతకాలు పెట్టించేవాడు ఒకడుంటే ఆ క్లబ్ నిలబడినట్టే లెక్క. వాడు గోల్ కొట్టేవాడు కానక్కర్లేదు. సాధారణంగా కాడు కూడా.

ఈ కాలమ్ చదివే హెడ్మాస్టర్లకీ, స్కూలు కరస్పాండెంట్లకీ ఒక మనవి. సాయంత్రం నాలుగున్నర తర్వాత మీ గ్రౌండ్‌కి తాళం పడుతోంది. మీ పేటలో రసీదు పుస్తకం, జమాఖర్చు ఉన్న క్లబ్ ఏదైనా వచ్చి అడిగితే, వారానికి మూడు సాయంత్రాలు తాళంచెవి ఇవ్వండి. ముగ్గుపిండి, చీపురు వాళ్లే తెచ్చుకుంటారు.