జీర్ణనాళ హార్మోన్లు – ఔషధ లక్ష్యాలు: విమర్శనాత్మక పరిశీలన

పరిచయం
1902లో బేలిస్, స్టార్లింగ్ కనుక్కొన్న సెక్రెటిన్‌తో హార్మోన్ల శాస్త్రం మొదలైంది. తొలి హార్మోను దొరికింది చిన్నపేగులోనే. అందువల్ల ‘జీర్ణ వ్యాధులకు ఈ హార్మోన్లే సరైన ఔషధ లక్ష్యాలు’ అనే వాదం బలపడింది. ఆ వాదం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

అనుకూలాంశాలు
సొమాటోస్టాటిన్ జీర్ణనాళ స్రావాలను అణచివేస్తుంది. కానీ రక్తంలో కొద్ది నిమిషాలకే నశిస్తుంది. 14 అమైనో ఆమ్లాల ఆ అణువుకు బదులు 8 అమైనో ఆమ్లాలతో రూపొందించిన ఆక్ట్రియోటైడ్ గంటకు పైగా నిలుస్తుంది. కార్సినాయిడ్ కణితుల వల్ల కలిగే విరేచనాలను అదుపు చేస్తుంది. అలాగే జి.ఎల్.పి.-2ను పోలిన టెడుగ్లూటైడ్‌కు 2012లో అమెరికాలో అనుమతి లభించింది. పేగులో చాలా భాగం కోల్పోయిన రోగులకు రక్తనాళం ద్వారా ఎక్కించే పోషక ద్రవాల అవసరాన్ని అది తగ్గిస్తుంది.

పరిమితులు
హార్మోను పని ఒక్కచోటనే ఆగదు. ఆక్ట్రియోటైడ్ పిత్తాశయ సంకోచాన్ని కూడా తగ్గిస్తుంది. దీర్ఘకాలం వాడితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు.

ఆమ్ల చికిత్స సంగతి ఇంకా ఆలోచింపదగినది. గాస్ట్రిన్ హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుంది. హిస్టమిన్ ఆమ్లకణాలను ప్రేరేపిస్తుంది. చివరకు ప్రోటాన్ పంపు ఆమ్లాన్ని స్రవిస్తుంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ‘ఒమెజ్’ పేరుతో అమ్మే ఒమెప్రజోల్ ఆ చివరి మెట్టునే ఆపుతుంది. గాస్ట్రిన్ గ్రాహకాన్ని అడ్డుకొనే మందులేవీ ఇంత వాడుకలోకి రాలేదు. అయినా గాస్ట్రిన్ ఊరుకోదు. ఆమ్లం తగ్గగానే దాని స్థాయి పెరుగుతుంది. మాత్ర ఆపితే ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరవచ్చు. 2009లో ప్రచురితమైన డెన్మార్క్ అధ్యయనంలో 120 మంది ఆరోగ్యవంతులను పరీక్షించారు. ఈ తరగతి మందును 8 వారాలు వాడి ఆపినవారిలో 44 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 15 శాతం మందికి ఆమ్ల లక్షణాలు కనిపించాయి.

అన్వయం
అమలాపురంలోనో, రాజోలులోనో దుకాణంలో ‘గ్యాస్ మాత్ర’ అడిగి కొని, నెలల తరబడి పరగడుపున వేసుకొనేవారు మీకు తెలిసే ఉంటారు. ఆపగానే మంట వస్తే జబ్బు ముదిరిందని మళ్లీ మొదలుపెడతారు. ఆ మంట గాస్ట్రిన్ ప్రతిచర్య కూడా కావచ్చు. అలాగని సొంతంగా మానరాదు. పుండు ఉన్నవారికి, నొప్పి మందులు వాడేవారికి ఈ మాత్ర రక్షణ. ఆ నిర్ణయం వైద్యునిదే.

సారాంశం
హార్మోన్లు ఔషధ లక్ష్యాలనే వాదం కొన్ని వ్యాధులలో రుజువైంది, అన్నింటిలో కాదు. కొత్త మందు గురించి చదివినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ హార్మోను ఇంకెక్కడ పనిచేస్తుంది? దాన్ని మారిస్తే శరీరం ఎలా స్పందిస్తుంది?

మీ ప్రగతిని సరిచూసుకోండి
ఒమెప్రజోల్ గాస్ట్రిన్‌ను నేరుగా తాకకపోయినా, దాని స్థాయి ఎందుకు పెరుగుతుంది?