వెళ్లిపోయినవాళ్ల లెక్క

తెలంగాణ గ్రూప్-2 పరీక్ష 2023 ఆగస్టులో జరగాల్సింది. నవంబరుకు పోయింది. నవంబరు నుంచి 2024 జనవరికి, అక్కణ్నుంచి ఆగస్టుకు, చిట్టచివరికి డిసెంబరు 15, 16 తేదీలకు. ఉన్నవి 783 పోస్టులు, వచ్చిన దరఖాస్తులు అయిదున్నర లక్షలు. హైదరాబాద్‌ కోచింగ్ సెంటర్ల పేట అశోక్ నగర్‌లో ఏ హాస్టల్ పిల్లాణ్ని నిద్రలో లేపి అడిగినా ఈ తేదీలన్నీ వరసగా అప్పజెప్తాడు. నాకూ నోటికొచ్చు. కాకపోతే నేను నేర్చుకున్నది యూట్యూబ్ స్టూడియోలో, అంటే చానెల్ అంకెలు చూపించే డాష్‌బోర్డులో. పరీక్ష దగ్గరపడుతుంటే వ్యూస్ గీత నిటారుగా లేచేది. వాయిదా అన్న మర్నాడు దభీమని పడేది. కొన్నాళ్లు నేల మీద పాకి, కొత్త తేదీ చెవిన పడగానే మళ్లీ తలెత్తేది. ఆ వారం మేం పెట్టిన పాఠం బాగుందా లేదా అన్నది ఆ గీతకి అక్కర్లేని సంగతి.

నా ఇల్లు కవాడిగూడలో, పని అశోక్ నగర్‌లో. ఇందిరా పార్కు దాటి, 2023లో తెరిచిన స్టీల్ బ్రిడ్జి నీడ పట్టుకుని నడిస్తే వచ్చేస్తుంది. పాలిటీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర చెప్పే ఒక లెక్చరర్‌గారి చానెల్‌కి వీడియోలు ఎడిట్ చేయడం, థంబ్‌నెయిల్ కట్టడం, వారానికోసారి అంకెలు ముందేసుకుని "ఇది చూశారు సార్, ఇది చూళ్లేదు" అని చెప్పడం నా కొలువు. సినిమా పిచ్చితో ఎడిటింగ్ నేర్చుకున్నవాణ్ని. తీరా వచ్చి 371-డి అధికరణ మీద పడ్డాను.

ఈ వీధుల్లో పాఠం చెప్పేవాళ్లకి యూట్యూబ్ బాగా అచ్చొచ్చింది. దానికో కారణముంది. 2012 దాకా యూట్యూబ్ ఎన్ని క్లిక్కులు పడ్డాయో చూసి వీడియోని పైకి తెచ్చేది. జనం మోసపు బొమ్మలతో, అబద్ధపు హెడ్డింగులతో క్లిక్కులు గుంజడం మరిగేసరికి ఆ ఏడాది అక్టోబరు నుంచి లెక్క మార్చి, ఎంతసేపు చూశారన్నదానికి పెద్దపీట వేసింది. తర్వాత 2018లో, డబ్బులు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలని గీత గీసింది. కామెడీ బిట్లు చేసేవాళ్లకి ఆ 4,000 గంటలు కొండ. గంటసేపు పాఠం చెప్పే మాస్టారికి అదెంత? వంద మంది పూర్తిగా చూసే క్లాసులు నలభై ఉంటే చాలు. బోర్డు, మార్కర్, ఓపిక ఉన్న ప్రతి లెక్చరరూ చానెల్ పెట్టాడు.

నేను మొదట చూసేది రిటెన్షన్ గ్రాఫ్. వీడియో మొదలైనప్పుడు నూటికి నూరు మంది ఉన్నారనుకుంటే, నిమిషం నిమిషానికీ ఎందరు మిగిలారో చూపించే గీత అది. మొదటి ముప్ఫై సెకన్లకి ఎందరు నిలిచారన్నది స్టూడియో విడిగా చెప్తుంది. ప్రతి చానెల్‌కీ అక్కడో లోయ ఉంటుంది. మా లోయ చాలా లోతు. కారణం వెతకడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. "హలో ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు అవర్ చానెల్" అని మొదలెట్టి, కిందటి క్లాసులో ఏం చెప్పారో చెప్పి, టెస్ట్ సిరీస్ ఫీజు చెప్పి, గంట గుర్తు నొక్కమని చెప్పేసరికి రెండు నిమిషాలు. అది కోసేద్దాం సార్ అంటే, "నమస్కారం పెట్టకుండా పాఠమెట్ల మొదలువెడతరయ్యా" అన్నారు. మధ్యేమార్గంగా నమస్కారం ఉంచి తక్కినవన్నీ తీసేశాను. లోయ సగం పూడింది. ఈ పనిలో తేలిగ్గా దొరికే గెలుపు ఇదొక్కటే. దీన్ని చెప్పడానికే ఫీజు పుచ్చుకునే కన్సల్టెంట్లు ఊరినిండా ఉన్నారు.

అసలు చిక్కు మధ్యలో వస్తుంది.

గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. నాలుగోది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. అందులో ముల్కీ నిబంధనలు, ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 610 జీవో అన్నీ ఒక దారానికి గుచ్చిన పూసలు. ఒకటి తెగితే తక్కినవి అర్థం కావు. సారు ఆ పాఠానికి బోర్డు మీద ఒక పటం వేస్తారు. 1975 ఉత్తర్వుల్లో ఉమ్మడి రాష్ట్రమంతా కలిపి ఆరు జోన్లు, అందులో మన వైపువి అయిదోది, ఆరోది. పక్కనే 2018 ఉత్తర్వుల ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు. ఏ పాత జిల్లా ముక్కలై ఎక్కడికి వెళ్లిందో రంగురంగుల మార్కర్లతో బాణాలు. చూడముచ్చటగా ఉంటుంది. గ్రాఫ్‌లో సరిగ్గా ఆ చోట గీత ఒక్కసారిగా పైకి పొడుచుకొచ్చింది. ఆ భాగాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూస్తున్నారన్నమాట. అంతవరకూ సంతోషమే. ఆ వెంటనే మాత్రం మెట్టు విరిగినట్టు కిందికి జారింది. అక్కడ ఏమైంది? పటం తర్వాత సారు 610 జీవో అమలు కాకపోవడం గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. 1985 డిసెంబరులో జీవో రావడం, దాన్ని దశాబ్దాల తరబడి ఫైళ్లలో తొక్కిపెట్టడం, కమిషన్లు. ఆయనకి ప్రాణమైన భాగం అది. పిల్లలకి విసుగొచ్చిందని నేను, భాష కష్టమైందేమోనని సారు, ఇద్దరం చెరో కారణం పట్టుకున్నాం.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ తాగుతూ పాలమూరు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక తమ్ముణ్ని అడిగాను, ఆ వీడియో చూశావా అని.

"చూసిన్నన్నా. జోన్ల పటం స్క్రీన్‌షాట్ గొట్టి గ్రూపుల ఏసిన."

"మరి మిగతాది?"

"పటం దొరికినంక ఇంకేమున్నది అన్నా? గా జీవో ముచ్చట మా మామ రోజూ జెప్తడు, ఆయన టీచరు."

వాడికి విసుగు రాలేదు. కావాల్సింది దొరికింది, వెళ్లిపోయాడు. రెస్టారెంట్లో కడుపు నిండి లేచినవాడు, కూర బాలేదని లేచినవాడు, ఇద్దరూ ఖాళీ కుర్చీనే వదిలి పోతారు. గ్రాఫ్ లెక్కపెట్టేది కుర్చీలని. ఇంకో మాట కూడా చెప్పాడు. హాస్టల్లో ఒక ఫోనుని బకెట్‌కి ఆనించి ముగ్గురు చూస్తారట, 1.5 స్పీడులో. ముగ్గురూ కలిసి మాకు ఒకే వ్యూ. (ఆ స్పీడులో మా సారు గొంతు వేలంపాట పాడినట్టుంటుంది. ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు.)

ఇది తెలిశాక ఏం చేయాలన్నది మళ్లీ వేరే తగువు. అంకెల శాస్త్రం ప్రకారం పటాన్ని చివరికి నెట్టాలి. మొదట్లో ఊరించి, "జోన్ల మ్యాప్ చివర్లో ఉంది, స్కిప్ చేయకండి" అని రాయాలి. చుట్టుపక్కల చానెళ్లు చాలావరకు చేసేది అదే. వాచ్ టైమ్ పెరుగుతుంది, కాదనను. కానీ చూసేది రూముకి, మెస్సుకి ఊళ్లో అమ్మానాన్న పంపిన డబ్బుతో గంటలు లెక్కపెట్టుకుని చదివే పిల్లలు. వాళ్ల దగ్గర ఇరవై నిమిషాలు ఊరికే లాక్కోవడం జేబు కొట్టడమే. సారు ఇంకో అడుగు ముందుకేసి పటాన్ని మొదటి నిమిషంలోకే తెచ్చేయమన్నారు. తెచ్చాం. సగటున చూసే సమయం తగ్గింది. కానీ సెర్చ్‌లోంచి వచ్చేవాళ్లు పెరిగారు, వాట్సాప్‌లోంచి లింకు పట్టుకుని వచ్చేవాళ్లు ఇంకా పెరిగారు. ట్రాఫిక్ సోర్సెస్ అనే పేజీని చాలామంది తెరవనే తెరవరు. నన్నడిగితే మొత్తం స్టూడియోలో నిజాయితీ ఎక్కువున్న పేజీ అదే. ఒక పిల్లాడు ఇంకో పిల్లాడికి పంపాడంటే అందులో మన ఊరింపు ఏమీ లేదు.

అంకెల గోల ఈ పేటకి కొత్తేం కాదు. లైబ్రరీ నుంచి కాస్త నడిస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సంధ్య, దేవి, సుదర్శన్. ఆ హాళ్లలో ఫలానా సినిమా మొదటి రోజు ఎంత కొట్టిందన్న లెక్క హైదరాబాద్‌లో ఫ్యాన్స్ పరువు లెక్క. ఇంటర్నెట్ రాకముందు నుంచీ ఉంది, ఇప్పటికీ పోస్టర్లెక్కుతోంది. కొత్తగా వచ్చింది పబ్లిక్ టాక్. మొదటాట వదిలే వేళకి గేటు బయట మైకులు గుంపుగా నిలబడతాయి. మొదట్లో నిజంగానే సినిమా చూసొచ్చినవాడి మాట పట్టుకునేవారు. నెమ్మదిగా చెప్పేవాడికంటే అరిచేవాడికి, ఏడ్చేవాడికి, తిట్టేవాడికి వ్యూస్ ఎక్కువ వస్తాయని తెలిశాక, మైకు కోసమే టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్లు తయారయ్యారు. జనం మాట కొలవడానికి పెట్టిన మైకు జనం మాటనే మార్చేసింది. 2024 నవంబరులో తమిళ నిర్మాతల సంఘమైతే హాలు ఆవరణలోకి యూట్యూబ్ మైకుల్ని రానివ్వొద్దని థియేటర్లని కోరింది. బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ, ఏ లెక్కనైనా పగ్గంగా వాడడం మొదలెడితే అది నమ్మదగ్గ లెక్కగా మిగలదని తేల్చాడు. ఆయన క్రాస్‌రోడ్స్‌లో ఒక శుక్రవారం నిలబడి ఉంటే ఆ సంగతి ఇంకా తొందరగా తేలేది.

మాకూ ఆ మైకు ఆశ తగిలింది. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. అలాంటి రోజు ఎవరు లైవ్ పెడితే వాళ్లకి వర్షమే. పాఠాలు చెప్పేవాళ్లంతా రాత్రికి రాత్రి న్యూస్ రీడర్లయ్యారు. ఎర్ర బాణాలు, నెత్తిన చేతులు పెట్టుకున్న ఫొటోలు, పసుపు అక్షరాల్లో "బిగ్ బ్రేకింగ్". మేమూ రెండు మూడు లైవ్‌లు పెట్టాం, సబ్‌స్క్రైబర్లు ఎగబడి వచ్చారు. ఆ తర్వాత ప్రాథమిక హక్కుల మీద పాఠం పెడితే యూట్యూబ్ దాన్ని ఈ కొత్తవాళ్లకీ చూపించింది. వార్త కోసం వచ్చినవాడికి 14వ అధికరణతో ఏం పని? నొక్కలేదు. థంబ్‌నెయిల్ చూసినవాళ్లలో ఎందరు నొక్కారన్న శాతం సగం చానెళ్లకి, వీడియోలకి రెండు నుంచి పది మధ్య ఉంటుందని యూట్యూబే చెప్తుంది. మాది ఆ కింది గట్టుకి జారింది. చానెల్ పెరిగింది, పాఠం చిన్నబోయింది. ఆడియన్స్ పెంచడం గురించి చెప్పేవాళ్లు ఈ ముక్క చెప్పరు. వచ్చినవాడు దేనికొచ్చాడో అదే అడుగుతాడు, అది పెట్టకపోతే మన పాత సరుకుని కూడా పక్కకి తోస్తాడు.

షార్ట్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. టిక్‌టాక్‌ని నిషేధించిన కొద్ది నెలలకే, 2020 సెప్టెంబరులో, యూట్యూబ్ వాటిని మొట్టమొదట మన దేశంలోనే దించింది. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు, వ్యూ కిందే లెక్క. డబ్బులు మాత్రం పాత పద్ధతి లెక్కకే ఇస్తారు. ఆ రోజు నుంచి మా షార్ట్స్ వ్యూస్ ఉబ్బాయి. సారు స్వీట్లు తెప్పించబోతే ఆపాను.

చిక్కుముడంతా రిటర్నింగ్ వ్యూయర్స్ దగ్గరుంది. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు. స్టూడియోలో ఈ అంకె పెరిగితే పచ్చ బాణం. ప్రపంచంలో ఏ చానెల్‌కైనా అది శుభవార్త. వంటలవాడి దగ్గరికి, ఊళ్లు తిరిగేవాడి దగ్గరికి జనం పదేళ్లు రావచ్చు, అందరికీ ఆనందమే. పోటీ పరీక్షల చానెల్‌కి 2022 నోటిఫికేషన్ నాడు వచ్చినవాడు ఇవాళ్టికీ వస్తున్నాడంటే వాడికి ఉద్యోగం రాలేదని అర్థం. వయసు పోతోంది, ఇంట్లో పెళ్లి మాట ఎత్తడం మానేశారు, రూమ్‌లో మారిన రూమ్మేట్లు నలుగురు. వాడు మాకు పచ్చ బాణం. ఉద్యోగం వచ్చినవాడు సారుకు మిఠాయి డబ్బా ఇచ్చి, కాళ్లకి దండం పెట్టి, ఏ మండలాఫీసుకో వెళ్లిపోతాడు. మా వీడియోలు మళ్లీ చూడడు, ఎందుకు చూస్తాడు? వాడు మాకు కిందికి దిగే బాణం. గ్రూప్-2 పరీక్ష అయిపోయిన నెలలో మా డాష్‌బోర్డు నిండా కిందికి దిగే బాణాలే. అందులో ఓడి ఊరికి పోయినవాళ్లెందరో, గెలిచి పోయినవాళ్లెందరో విడదీసే ఫిల్టర్ స్టూడియోలో లేదు.

ఇది సారుతో అన్నాను. ఆయన కాసేపు లెక్కేసుకుని, "అట్లయితే మనం కొత్తోళ్లను జూడాలె" అన్నారు. నిజమే. ఈ రకం చానెల్‌కి ఊపిరి ఏటా కొత్తగా వచ్చేవాళ్లే. డిగ్రీ పరీక్షలు రాసి జిల్లాల్లోంచి బస్సు దిగేవాళ్లు ఏ ప్రశ్నతో వెతుకుతున్నారో సెర్చ్ పదాల్లో కనిపిస్తుంది. "గ్రూప్ 2 ఎలా మొదలుపెట్టాలి", "తెలుగు మీడియం పాలిటీ బుక్". పాతవాళ్లకి అవి చాదస్తపు ప్రశ్నలు. అందుకే మేం వాటిని ఎప్పుడో వదిలేసి, నాలుగేళ్లుగా చదువుతున్నవాళ్ల స్థాయికి కష్టమైన పాఠాలు చేసుకుంటూ పోయాం. ఇప్పుడు వారానికి ఒక పాఠం మొదటిరోజు పిల్లాడి కోసం. దాని గ్రాఫ్ చదునుగా ఉంటుంది. లోయ లేదు, శిఖరమూ లేదు. నాకు అలాంటి గీతలంటే ఈ మధ్య మంచి గురి కుదిరింది.

నెలాఖరు రిపోర్టు మొదటి పేజీలోంచి సబ్‌స్క్రైబర్ల అంకె తీసేయమన్నారు సారు. తీసి మూడో పేజీలో పెట్టాను. పూర్తిగా తీసేద్దామంటే కుదరదు. యాడ్ ఇచ్చే బుక్ పబ్లిషరు ఫోన్ చేసినప్పుడల్లా మొదట అడిగేది అదే.