చెయ్యి పడేచోట

2011 అక్టోబరు 5న ఢిల్లీలో కపిల్ సిబల్ గారు ‘ఆకాశ్’ టాబ్లెట్‌ను విడుదల చేస్తే, గద్వాలలో టీవీ ముందు కూర్చున్న నేనూ చప్పట్లు కొట్టాను. సర్కారు కొన్న ధర సుమారు 2,250 రూపాయలట! వనపర్తిలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అన్న కొడుకు వారం తిరక్కుండానే “చిన్నాయనా, మనదాకా ఎప్పుడొస్తది?” అన్నాడు.

తర్వాత పేపర్లో దాని లోపలి సంగతులు చదివితే ఉత్సాహం నీరుగారింది. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల ర్యామ్. బ్యాటరీ రెండు మూడు గంటలు. ఆనాటి కరెంటు కోతల్లో నాగర్‌కర్నూలు పల్లెల మాట చెప్పక్కర్లేదు. పోనీ, అవన్నీ సర్దుకోవచ్చు. ఆ ఏడంగుళాల తెర ఉందే, తాకితే పలికేది కాదు, గట్టిగా నొక్కితేనే పలికే రకం. దాని మీద పిల్లవాడు పాఠం ఎంతసేపు చదువుతాడండీ?

చవక తప్పని నేననను. మా గద్వాల నేతగాడూ ఖర్చు తగ్గిస్తాడు: చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కానీ ఆ రెండూ కలిసేచోట పోగుకు పోగు చేత్తో కలుపుతాడు. అక్కడ మాత్రం పిసినారితనం చెయ్యడు. ఆకాశ్‌వాళ్లు సరిగ్గా చెయ్యి పడేచోటే చేశారు.

అన్నట్టు, వాటిని కూర్చింది మన హైదరాబాదులోనే. 2012 నవంబరులో మెరుగైన తెరతో ‘ఆకాశ్ 2’ వచ్చింది. అప్పటికి మావాడి ఇంటర్ అయిపోయింది.